సామమునకు, ఛలమునకు నడుమ: జహీరాబాదు ప్రజాతీర్పుపై ఒక పరిశీలన

ఉద్యోగపర్వంలో శల్యుని వృత్తాంతం పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా తరగతిలో ఒక సందిగ్ధం తలెత్తుతూ ఉంటుంది. మద్రరాజు మేనల్లుళ్లకు తోడుపడే ఉద్దేశంతో అక్షౌహిణితో బయలుదేరాడు. దారి పొడవునా అతని సేనకు విడిది మందిరాలు, అన్నపానాలు, సకలోపచారాలు అమరి ఉన్నవి. ఇదంతా ధర్మజుని ఏర్పాటే అనుకొని, ఇంత చక్కగా ఏర్పాటు చేసినవారెవరో పిలిపించండి, బహుమానమిస్తానన్నాడు. ఎదుటికి వచ్చినవాడు దుర్యోధనుడు! మాట ఇచ్చిన శల్యుడు వెనుదీయలేక కౌరవపక్షం వహించాడు. ఇంతవరకు దుర్యోధనుని కపటాన్ని విద్యార్థులు ఏకకంఠంతో నిందిస్తారు. కథ అక్కడితో ఆగదు. శల్యుడు ఉపప్లావ్యానికి వచ్చి జరిగినది చెప్పగా ధర్మరాజు కోపించడు. రేపు నీవు కర్ణునికి సారథివి కావలసి వస్తే అతని తేజస్సును మాటలతో హరించి అర్జునుని కాపాడమని అడుగుతాడు. ఇది చేయదగినది కాదని తానే ఒప్పుకొంటూ అడుగుతాడు. కర్ణపర్వంలో హంసకాకీయం చెప్పి శల్యుడు చేసినది ఆ పనియే.

"అయ్యా, ఇద్దరూ శల్యుణ్ణి తమ పనికి వాడుకొన్నవారే కదా, ఒకరిని ధర్మరాజని, మరొకరిని దుర్యోధనుడని ఎందుకంటున్నాం?" అని ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు నేను ఆనాడు తృప్తికరమైన సమాధానం చెప్పలేకపోయాను. పక్షపాతం చూపి తప్పించుకొన్నాను. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకొనే ప్రయత్నం.

పరుల చిత్తాన్ని తన కార్యానికి అనుకూలంగా మలచుకోవడం ఒక విద్య. ఈనాడు దానిని అంగడి సరుకుగా అమ్ముతున్నారు. వ్యక్తిత్వ వికాసం పేరిట వెలువడుతున్న పుస్తకాలలో సగం దీని గురించినవే. అధ్యాపకులకు ఏర్పాటైన ఒక శిక్షణ శిబిరంలో నేనూ కూర్చొన్నాను. ఎదుటివాని పేరును సంభాషణలో మూడుసార్లు ఉచ్చరించవలెనని, అతడు చేతులు కట్టుకొంటే మనమూ కట్టుకోవలెనని ఉపన్యాసకుడు బోధించాడు. ఆ బోధ ముగిసేసరికి నా పక్కనున్న వ్యాకరణ పండితుడు చేతులు రెండూ విప్పి ఒళ్లో పెట్టుకొని కదలక కూర్చొన్నాడు. ఎవరు ఎవరిని అనుకరిస్తున్నారో తెలియని స్థితి దాపురించింది. ఈ విషయంపై మన శాస్త్రాలు చెప్పినదానిని చదివినవారికి ఆ ఉపదేశం ఎంత పేలవమో వేరుగా చెప్పనక్కరలేదు.

కౌటిల్యుడు సామదానభేదదండాలను పేర్కొని ఊరుకోలేదు. అర్థశాస్త్రం ద్వితీయాధికరణంలో శాసనాధికారమనే ప్రకరణమున్నది. అది రాజలేఖల రచనను గురించినది. యుద్ధతంత్రాన్ని కాక లేఖనాన్ని చెప్పేచోట ఉపాయాల వివరణ రావడం గమనార్హం. సామాన్ని అక్కడ అయిదు విధాలుగా విభజించాడు. ఎదుటివాని వంశం, విద్య, కర్మ మొదలైనవాటిని కొనియాడడం గుణసంకీర్తనం. బంధుత్వాన్నో, గురుశిష్య సంబంధాన్నో, స్నేహాన్నో జ్ఞాపకం చేయడం సంబంధోపాఖ్యానం. ఇరుపక్షాలకు ఒకరివల్ల ఒకరికి కలిగే మేలును ఎత్తి చూపడం పరస్పరోపకార సందర్శనం. ఇలా చేస్తే మన ఇద్దరికీ రేపు ఇది సమకూరుతుందని ఆశ గొలుపడం ఆయతిప్రదర్శనం. నేను వేరు, నీవు వేరు కాదు, నాదంతా నీ పనికి వినియోగించుకొమ్మనడం ఆత్మోపనిధానం. భేదానికి ఆయన చెప్పిన లక్షణం శంక పుట్టించడం, బెదిరించడం. దానం ధనంతో ఉపకరించడం. అంగడి పుస్తకాలలోని సూత్రాలలో ఈ అయిదింటికి వెలుపల ఉన్నవి నాకింతవరకు కనబడలేదు.

అయితే కౌటిల్యుని దగ్గర మన విద్యార్థి ప్రశ్నకు సమాధానం దొరకదు. ఆయనకు కార్యసిద్ధి ముఖ్యం. త్రయోదశాధికరణంలో రాజు తనకు సర్వజ్ఞత్వమున్నదని, దేవతలతో సాంగత్యమున్నదని జనాన్ని నమ్మించే ఉపాయాలను ఏ సంకోచమూ లేకుండా వివరించాడు. ముద్రారాక్షసంలో చాణక్యుడు రాక్షసుని ముద్రాంగుళీయకంతో కపటలేఖ సిద్ధం చేయించడం, స్నేహితుడైన చందనదాసుని ప్రాణాన్ని ఒడ్డి రాక్షసుణ్ణి రప్పించడం ఆ మార్గంలోనివే. నాటకం చివర మనకు ఆనందం కలుగుతుంది. రాక్షసునికి మాత్రం వేరొక దారి మిగల్చలేదు.

వేరొక దారి మిగలడం, మిగలకపోవడం అనేదే నాకు కీలకంగా తోస్తున్నది. అదే ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణ రాయబారాన్ని చూడండి. సభలో సామం నెరవేరలేదు. తిరుగు ప్రయాణంలో కృష్ణుడు కర్ణుని రథమెక్కించుకొని అతని జన్మరహస్యం చెప్పి, పాండవపక్షానికి రమ్మని, జ్యేష్ఠునిగా రాజ్యమే నీదని చెబుతాడు. ఇది శుద్ధమైన భేదోపాయం. తాను భేదాన్ని ప్రయోగించినట్లు తరువాత ధర్మజునికి ఆయనే చెప్పుకొన్నాడు. కాని ఆ భేదంలో అసత్యం లేదు. కర్ణునికి తెలియవలసినదంతా తెలిసింది. కృష్ణుని ప్రయోజనమేమో కూడా తెలిసింది. అంతా విని కర్ణుడు కాదనగలిగాడు. ఈ సంగతి ధర్మరాజుకు చెప్పవద్దని తిరిగి కృష్ణునికే నియమం పెట్టగలిగాడు. శల్యునికి ఈ అవకాశం లేదు. ఎవరి అన్నం తింటున్నాడో తెలియక ముందే మాట ఇచ్చివేశాడు. ఉపాయం పేరు సామమా, దానమా, భేదమా అన్నది అంత ముఖ్యం కాదు. ఎదుటివానికి నిరాకరణ స్వాతంత్ర్యం మిగిలిందా అన్నదే ముఖ్యం. ఈ గీటురాయిపై ధర్మజుడు శల్యునితో నెరపిన సంభాషణ నిలుస్తుంది. కోరినదేమిటో, అది ఎంత అనుచితమో చెప్పియే కోరాడు. కర్ణుని విషయంలో మాత్రం నిలువదు. రథం తోలే సారథి ఎవరి కోసం మాట్లాడుతున్నాడో కర్ణునికి తెలియదు. ధర్మజుని కీర్తికి ఈ మచ్చను మనం దాచనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది గ్రంథస్థ విషయం. దీనికి సజీవమైన ఉదాహరణ జహీరాబాదు ప్రాంతంలో దొరుకుతున్నది. సంగారెడ్డి జిల్లాగా 2016లో ఏర్పడిన ఈ ప్రాంతం అంతకుముందు మెదకు జిల్లాలోనిది. పడమటి దిక్కున కన్నడ సీమ, వాడుకలో తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ కలగలిసిన చోటు. నీటి వసతి అంతంతమాత్రంగా ఉన్న ఎర్రగరప నేలలలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, ఉలవ కలిపి వేసుకొనే వ్యవసాయం అనాదిగా ఉన్నది.

ఆ తిండిని మరిపించిన ప్రభావం ముందు చెప్పుకోవాలి. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని తెచ్చింది. ఆకలి తీర్చిన పథకమది, దానిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని అది దానోపాయం. దానానికి ఒక లక్షణమున్నది. ఇచ్చినవాడు ఏదీ వాదించకుండానే పుచ్చుకొన్నవాని రుచి మారుతుంది. జొన్నరొట్టె బీదల తిండి, వరి అన్నం గౌరవమైన తిండి అనే భావం పూర్వమే ఉన్నది. చౌకబియ్యం దానిని ఇంటింటికి చేర్చింది. జొన్న తినవద్దని ఎవరూ అనలేదు. అనకపోవడం వల్లనే కాదనడానికి కూడా ఎవరికీ వీలు చిక్కలేదు. పండించుకోవలసిన అవసరం తగ్గిన మెట్టచెలకలు బీడుపడ్డవి.

అదే 1983లో జహీరాబాదు సమీపంలోని పస్తాపూరు కేంద్రంగా డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడింది. దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాతగా పనిచేసి వచ్చిన పి.వి. సతీశ్ దానిని నడిపినవారిలో ముఖ్యుడు. ఆయన 2023 మార్చిలో కన్నుమూశాడు. ఊరూరా ఏర్పడిన మహిళా సంఘాలలో అధికసంఖ్యాకులు దళిత స్త్రీలు, సన్నకారు రైతులు, కూలీలు. 1990ల మధ్యలో ఈ సంఘాలు బీడుభూములను బాగుచేసి జొన్న పండించడానికి రైతులకు అప్పు ఇచ్చి, ఆ అప్పును ధాన్యరూపంలో తీసుకొని, ఊరిలోనే గుమ్ములలో నిల్వచేసి, పనులు దొరకని కాలంలో బీదలకు తక్కువ ధరకు అందించే పద్ధతిని నెలకొల్పాయి. అంటే దానోపాయానికి ప్రతిగా దానోపాయాన్నే వారు ఎంచుకొన్నారు. భేదమొక్కటే. గింజ ఆ ఊరిది, గుమ్మి ఆ ఊరిది, ఎవరు బీదవారో నిర్ణయించినది కూడా ఆ ఊరి మనుషులే.

ఏటా సంక్రాంతి వేళకు మొదలై దాదాపు నెల రోజులు సాగే పాతపంటల జాతరను కౌటిల్యుని పంచవిధ సామంతో పోల్చి చూస్తే వింత గొలుపుతుంది. అలంకరించిన ఎడ్లబండ్లపై మట్టికుండలలో రకరకాల విత్తనాలను ఉంచి, పాటలతో, డప్పులతో ఒక ఊరి నుంచి మరొక ఊరికి తీసుకొనిపోతారు. ఊరి మొదట్లో హారతి పడతారు. విత్తనాన్ని కాపాడిన ముసలమ్మను పదిమందిలో పేర్కొని పొగడడం గుణసంకీర్తనం. మీ అవ్వ, మా అవ్వ ఇదే తిని బతికారని గుర్తు చేయడం సంబంధోపాఖ్యానం. పశువుకు మేత, నేలకు ఎరువు, మనిషికి అన్నం అని లెక్క చెప్పడం పరస్పరోపకార సందర్శనం. వానలు తప్పినా నిలిచే పంట ఏదో చూపడం ఆయతిప్రదర్శనం. ఇక విత్తనాన్ని అమ్మకుండా చేతిలో పోసి, పండిన తరువాత తిరిగి ఇమ్మనడం ఆత్మోపనిధానం కాక మరేమిటి? శాసనాధికార ప్రకరణం చదువుకొన్న లేఖకుడెవ్వడూ ఆ బండ్ల వెంట నడవలేదు. శాస్త్రం లోకాన్ని చూసి పుట్టినదే గాని లోకానికి అది నేర్పినది కాదని ఇలాంటి చోట తెలుస్తుంది.

ఇక్కడ ఆలంకారికుల మాట ఒకటి పనికివస్తుంది. ఉపదేశం ప్రభుసమ్మితం, మిత్రసమ్మితం, కాంతాసమ్మితం అని మూడు తెరగులని మమ్మటుడు మొదలుకొని మన విద్యానాథుని వరకు చెప్పినదే. వేదం ప్రభువువలె శాసిస్తుంది, పురాణం మిత్రునివలె నచ్చజెబుతుంది, కావ్యం కాంతవలె సరసంగా మనసు మళ్లిస్తుందని మనం ఏళ్లుగా పరీక్షలకు వ్రాయిస్తున్నాం. ఈ ఉపమానంలో ఒక అంశం మన దృష్టికి రాదు. కాంత సరసంగా చెప్పడానికి కారణమేమి? శాసించే అధికారం ఆమెకు లేదు. మిత్రునివలె సమానస్థాయిలో నిలిచి వాదించే తావు కూడా ఆ కాలపు ఇంటిలో ఆమెకు లేదు. కాంతాసమ్మితం అనేది అధికారం లేనివారి ఉపాయం. కవి రాజాస్థానంలో దానిని ఆశ్రయించడానికి కారణం రసపోషణ ఒక్కటే కాదేమో! జహీరాబాదు మహిళలు పాటను, జాతరను, వీడియో చిత్రాన్ని, 2008 అక్టోబరులో మాచునూరులో ప్రారంభమైన సంఘం రేడియోను పట్టుకోవడం కూడా ఇట్టిదే. అనుమతి రాకముందు ఏళ్ల తరబడి వారు కార్యక్రమాలను రికార్డు చేసి సంఘాల సమావేశాలలో వినిపించుకొన్నారు. చదువురాని, కొద్దిగా వచ్చిన స్త్రీలు కెమెరా పట్టుకొని, బీటీ పత్తి వేసిన వరంగల్లు రైతుల అనుభవాలను కాలం వెంబడి చిత్రించిన చలనచిత్రం 2003లో వెలువడి పరదేశాలలో కూడా ప్రదర్శితమైంది. ప్రభుసమ్మితం చేతిలో లేనివారు చేసుకొన్న ఏర్పాటు ఇది.

ఇక అసలు వివాదానికి వద్దాం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సీ అనే విదేశీ సలహా సంస్థ తోడ్పాటుతో రూపొందించిన విజన్ 2020 పత్రం 1999లో వెలువడింది. వ్యవసాయంపై ఆధారపడినవారిని నూటికి 70 నుంచి 40కి తగ్గించడం, యాంత్రీకరణ, ఒప్పంద సేద్యం, జీవసాంకేతిక విత్తనాలు ఆ దృక్పథంలోని అంశాలు. ఈ భవిష్యత్తును చిన్న రైతులు ఏమనుకొంటున్నారో తెలుసుకోవడానికి 2001 జూన్ చివరివారంలో జహీరాబాదు దగ్గర అల్గోలు గ్రామంలో ప్రజాతీర్పు అనే సభ జరిగింది. ఇరవైమందికి లోపుగా ఉన్న జ్యూరీలో ఎక్కువమంది సన్నకారు రైతులు, అందులోనూ స్త్రీలు. మూడు భవిష్యచ్చిత్రాలను వారి ముందు ఉంచారు. ఒకటి విజన్ 2020 మార్గం. రెండవది సేంద్రియ పంటలు పండించి ఎగుమతి చేసే మార్గం. మూడవది గ్రామాల స్వయంపోషకత్వం. మూడింటిని వీడియో చిత్రాలుగా చూపారు. శాస్త్రజ్ఞులు, అధికారులు, వ్యాపార సంస్థలవారు మొదలైన సాక్షులను జ్యూరీ సభ్యులు ప్రశ్నించారు. మూడింటిలో ఒకదానినే ఎంచుకోవలెనన్న నిర్బంధం లేదు, తమదైన నాలుగవ చిత్రాన్ని వారు కూర్చుకోవచ్చు. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పి.బి. సావంత్ ఉన్న పరిశీలక మండలి ఈ తంతు న్యాయంగా జరిగిందో లేదో చూసింది. జ్యూరీ తీర్పు విజన్ 2020 మార్గానికి ప్రతికూలంగా వచ్చింది. భూమి నుంచి జనాన్ని తగ్గించడాన్ని, ఒప్పంద సేద్యాన్ని, జన్యుమార్పిడి పంటలను, పని పోగొట్టే యంత్రాలను వారు వద్దన్నారు. గ్రామ వనరులపై తమ అదుపు, తమ పంటల వైవిధ్యం కావాలన్నారు.

బ్రిటన్‌లోని రెండు పరిశోధన సంస్థలు ఈ ప్రక్రియలో భాగస్వాములు. అవి 2002లో నివేదిక ప్రచురించగానే, ఆంధ్రప్రదేశ్‌కు పెద్ద మొత్తంలో సహాయమందిస్తున్న బ్రిటిష్ ప్రభుత్వ అభివృద్ధి శాఖ నుంచి ఆక్షేపణ వచ్చింది. జ్యూరీ ఎంపిక ప్రాతినిధ్యం గలది కాదని, ప్రక్రియలో పక్షపాతమున్నదని ఆక్షేపణ సారాంశం. సూటిగా చెప్పాలంటే, ఆ రైతులు తమ బుద్ధితో చెప్పలేదు, వారిచేత చెప్పించారు అన్నమాట.

ఈ ఆక్షేపణను రెండు వర్గాలవారూ తేలికగా తీసుకొన్నారని నా అభిప్రాయం. సంఘాల అభిమానులు దీనిని పెద్దమనుషుల దురహంకారంగా కొట్టివేశారు. ఆక్షేపించినవారు ప్రభావితులైనవారి మాట మాటే కాదన్నట్లు మాట్లాడారు. ప్రభావానికి లోనుగాని బుద్ధి లోకంలో ఎక్కడున్నది? శాస్త్రం చదివినవాడు గురువు ప్రభావంలో ఉన్నాడు. విజన్ పత్రం వ్రాసినవారు తమ సలహాదారుల ప్రభావంలో ఉన్నారు. కాబట్టి ప్రభావం ఉన్నదా లేదా అని కాక, అది ఏ విధమైనదని అడగాలి.

మన శాస్త్రగ్రంథాలకు ఒక సదాచారమున్నది. ఆరంభంలోనే అనుబంధచతుష్టయాన్ని ప్రకటిస్తారు. విషయమేమిటి, ప్రయోజనమేమిటి, గ్రంథానికి విషయానికి సంబంధమేమిటి, దీనికి అధికారి ఎవరు అన్న నాలుగు. మనం దీనిని ఉపోద్ఘాతంలో వ్రాసి మరచిపోయే లాంఛనంగా మార్చివేశాం. నిజానికి అది పాఠకునికి రచయిత ఇచ్చే హామీ. నిన్ను ఎక్కడికి తీసుకొనిపోతున్నానో ముందే చెబుతున్నాను, రావడం, రాకపోవడం నీ ఇష్టం అని అర్థం. పరులను ఒప్పించదలచిన ఎవరికైనా ఈ నాలుగు ప్రశ్నలు వేయవచ్చు.

అల్గోలు సభకు ఈ నాలుగింటిని వేసి చూద్దాం. విషయం స్పష్టం. ప్రయోజనమూ దాచలేదు. ఆక్షేపణ బలంగా తగిలేది సంబంధం దగ్గర, అధికారి దగ్గర. విజన్ 2020ను వ్యతిరేకించే జీవవైవిధ్య పరిరక్షణ కూటమి ఈ సభకు ఆతిథేయులలో ఒకటి. పస్తాపూరు సంస్థ ఆ కూటమిలో ప్రముఖమైనది. సభ జరిగిన చోటు సంఘాల పాట వినని ఊరు లేని ప్రాంతం. హైదరాబాదు విశ్వవిద్యాలయం, విదేశీ సంస్థలు, విశ్రాంత న్యాయమూర్తి ఉన్నప్పటికీ, నేల సంఘాలది. ఇదే సభ కృష్ణా డెల్టాలో జరిగి ఉంటే తీర్పు ఇలాగే ఉండేదని నేను హామీ ఇవ్వలేను. పైగా మూడు చిత్రాలు ఏవో నిర్ణయించినవారికి కూడా తీర్పులో కొంత భాగమున్నది. ఎన్ని విధాల జాగ్రత్త పడినా వికల్పాలను కూర్చినవాని నీడ నిర్ణయంపై పడకుండా పోదు. సంఘాలపై గౌరవమున్న నేను ఈ మాట వ్రాయడానికి కొంత వెనుకాడాను. వ్రాయకపోతే ధర్మజుని మచ్చను కప్పిన పాపం మళ్లీ చేసినవాణ్ణవుతాను.

కాని నిరాకరణ స్వాతంత్ర్యమనే గీటురాయి తీసుకొంటే తులాభారం మారుతుంది. న్యాయసూత్రాలలో గౌతముడు వాదం, జల్పం, వితండ అని కథను మూడుగా విడదీశాడు. తత్త్వం తెలుసుకోవడానికి జరిగేది వాదం. గెలుపే లక్ష్యంగా ఛలజాతులను కూడా వాడుకొనేది జల్పం. స్వపక్షస్థాపన లేక పరపక్షాన్ని ఖండించడమే వితండ. నిర్ణయానికి ఆయన లక్షణం చెబుతూ, సంశయించి, పక్షప్రతిపక్షాలను రెండింటిని విచారించి అర్థాన్ని నిశ్చయించుకోవడం అన్నాడు. అల్గోలులో ప్రతిపక్షం ఉన్నది. దాని తరఫున చిత్రమున్నది, సాక్షులున్నారు, వారిని ప్రశ్నించే వీలున్నది. కాదనే హక్కు, కొత్తది కూర్చే హక్కు జ్యూరీకి ఉన్నవి. విజన్ పత్రం తయారీలో ఇందులో ఏదీ ఆ రైతులకు దక్కలేదు. పత్రంలో వారు లెక్క మాత్రమే. నూటికి డెబ్బదిలో నుంచి తీసివేయవలసిన ముప్పది. ఆ ముప్పదిలోనివారు నోరు విప్పినప్పుడు, మీకెవరో నేర్పారు అనడంలో శంకాజననం ఉన్నది. కౌటిల్యుడు దానిని సామంలో చేర్చలేదు, భేదంలో చేర్చాడు.

ఆక్షేపించిన పక్షం తన సంబంధాన్ని కూడా ముందుగా ప్రకటించి ఉంటే మాట వేరుగా ఉండేది. సహాయమిచ్చేవాడు సహాయం పుచ్చుకొన్న ప్రభుత్వ విధానాన్ని విమర్శించిన తీర్పుపై తీర్పు చెప్పడం, విడిది కట్టించినవాడే సాక్షిగా రావడం వంటిది. 2004 ఎన్నికలలో ఆ ప్రభుత్వం ఓడింది. దానికి ఈ తీర్పు కారణమనేవారున్నారు. అది అతిశయోక్తి, అలంకారంగా తప్ప చెల్లదు.

తరువాతి కథ సంఘాలకు అనుకూలంగా సాగిందనే చెప్పాలి. 2013లో వచ్చిన జాతీయ ఆహారభద్రతా చట్టం చౌకధాన్యాలలో బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలకు చోటిచ్చింది. 2018లో కేంద్రప్రభుత్వం వాటికి పోషక ధాన్యాలని పేరు మార్చింది. 2019లో పస్తాపూరు సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటర్ బహుమతి లభించింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇదంతా జహీరాబాదువారి ఒత్తిడి వల్లనే జరిగిందనడం సరికాదు. దేశంలో అనేకులు ఇందుకు పనిచేశారు. వారిలో వీరు ముందువరుసలోనివారు.

శబ్దశక్తిని గురించి పాఠం చెప్పే మనకు ఆ పేరుమార్పు ఒక మంచి ఉదాహరణ. గింజ మారలేదు. ముతక అన్న మాటకు అభిధ గరుకుదనమే. వ్యంజన మాత్రం తినేవాని మీదికి పోతుంది. ఆ మాట వాడినన్నాళ్లు జొన్న తినేవాడూ ముతకవాడే అయ్యాడు. సంఘాల స్త్రీలు ప్రభుత్వానికి చాలా ముందే ఈ కిటుకు గ్రహించారు. వాన లేకుండా, నీరు పెట్టకుండా, శీతకాలపు మంచుతోనే పండే పంటలకు వారి వాడుకలో సత్యం పంటలని పేరు. పంటకు సత్యమని పేరు పెట్టినవారితో వాదించి గెలవడం ఎవరి తరం? ఇది కూడా బుద్ధిపూర్వకమైన ప్రభావమే. అయితే పేరు వెనుక నేల ఉన్నది, వెళ్లి చూడవచ్చు.

పోషక ధాన్యమన్న పేరు మరొక పని కూడా చేసింది. కొర్రలు, సామలు ఇప్పుడు పట్టణపు దుకాణాలలో అందమైన పొట్లాలలో కూర్చొన్నవి. మధుమేహం గలవారు, ఆరోగ్యాభిలాషులు కొంటున్నారు. ముతకవని విడిచినప్పుడు బీదవానికి సిగ్గు మిగిలింది. పోషకమని పట్టినప్పుడు ధర అందకుండా పోయే ప్రమాదమున్నది. జాతర బండి చెప్పిన మాటనే పొట్లంపై ముద్రించారు, ఆత్మోపనిధానం ఒక్కటి వదలివేశారు. అమ్మేవాడు, నాదంతా నీది అనడు కదా.

మన కళాశాలల పరిశోధకులకు ఇందులో చేయదగిన పని చాలా ఉన్నది. జాతరలో స్త్రీలు పాడే పాటలు, ఊరి మొదట్లో పలికే పలుకులు, సంఘం రేడియోలో నర్సమ్మ అన్న పేరే గల ఇద్దరు స్త్రీలు ఏళ్లుగా నడిపిన సంభాషణల శైలి మనవారి పిహెచ్.డి. అంశాల పట్టికలో ఇంతవరకు నా కంటబడలేదు. తిక్కన రాయబార ఘట్టంలోని వాక్చాతుర్యంపై మాత్రం ఏటేటా సిద్ధాంతవ్యాసాలు వస్తున్నవి. అవీ రావలసినవే. అర్థశాస్త్రంలోని శాసనాధికార ప్రకరణాన్ని, ఉద్యోగపర్వాన్ని, ప్రజాతీర్పు నివేదికను ఒక బల్లపై పెట్టి చదివే విద్యార్థి ఒక్కడు దొరికితే, ఆనాటి నా విద్యార్థి అడిగిన ప్రశ్నను అతనికి అప్పగించాలని ఉన్నది. నా సమాధానం కూడా అతనికి చెబుతాను. అయితే అతడు తన సమాధానం వ్రాసి ముగించిన తరువాతనే.